నడక దూరంలో ఇల్లు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, అది ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ విషయం నాకంటే బాగా తెలిసినవారు ముందే మాట్లాడారు కనుక దాని జోలికి పోను. కార్యదర్శి గారు నాకు అప్పగించిన అంశం ‘రిటైరైన ఉద్యోగి, సొంత ఇల్లు’. నేను ఇంజనీరును కాను, వకీలును కాను. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు చూసిన గుమాస్తాను. కాబట్టి ఫైలు చూసినట్టే ఇల్లు చూడటం గురించి చెబుతాను.

ఈ అంశం ఇప్పుడెందుకంటే, మార్కాపురం కేంద్రంగా జిల్లా అని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రకటించిన నాటి నుంచి మన ఊరి చుట్టూ జెండాలు పాతని పొలం కనబడటం లేదు. రంగురంగుల కాగితాలు పంచుతున్నారు. రిటైర్‌మెంటు డబ్బు చేతికి రాబోతున్నవాడి ఇంటికి ఏజెంట్లు వెతుక్కుంటూ వస్తున్నారు. మనవాళ్ళు కొంతమంది ఇప్పటికే అడ్వాన్సులు ఇచ్చారు. ఇవ్వనివారి కోసం నా మాటలు.

నేను 1973లో గిద్దలూరులో ఎల్.డి.సి.గా చేరాను. 2008లో మార్కాపురంలో రిటైరయ్యాను. ఈ మధ్యలో పదకొండు అద్దె ఇళ్ళు మారాము. రిటైరయ్యేనాటికి చేతికి వచ్చింది గ్రాట్యుటీ, లీవు ఎన్‌క్యాష్‌మెంటు, 40 శాతం కమ్యుటేషను. ఈ కమ్యుటేషను డబ్బు గురించి ఒక మాట. అది ఎవరో ఇచ్చిన బహుమానం అనిపిస్తుంది గానీ, మన పెన్షనులోంచే పదిహేనేళ్ళ పాటు నెలనెలా కోసుకుని ముందుగా ఇచ్చిన డబ్బు. అంటే మన డెబ్బై మూడో ఏడు దాకా తినవలసిన అన్నం అన్నమాట. దాన్ని తీసుకుపోయి ముళ్ళకంపలో పాతిపెట్టే ముందు ఆలోచించాలి.

అప్పుడు మా ముందు మూడు దారులున్నాయి. హైదరాబాదులో మూడో అంతస్తులో ఫ్లాటు తీసుకుందామన్నాడు మా అబ్బాయి. ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల హైవే పక్కన ప్లాటు, అందులో కొత్త ఇల్లు కట్టుకుందామని నేను. పాత ఊళ్ళో, చెన్నకేశవస్వామి గుడికి పది నిమిషాల నడకలో, పలకల వ్యాపారం చేసిన ఒక కుటుంబం 1958లో కట్టుకున్న ఇల్లు అమ్మకానికి ఉందని ఎవరో చెప్పారు. అది మూడో దారి.

మా ఇంటావిడను వెంటబెట్టుకుని ప్లాటు చూపించాను. చుట్టూ గాలి, వెలుతురు, ముప్పై అడుగుల రోడ్డు. నాకు బాగా నచ్చింది. ఆమె అటూ ఇటూ చూసి, “ఏమండీ, మీరంటే బండి నడుపుతారు. మీరు లేనినాడు నేను ఇక్కడినుంచి మందుల షాపుకు ఎట్లా పోవాలి?” అంది. “ఎందుకే ఆ అపశకునపు మాటలు” అన్నాను. “అపశకునం కాదండీ, లెక్క. మీరు చేసే లెక్కలే” అంది.

మిత్రులారా, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మనం ఇల్లు కొనేటప్పుడు ఇద్దరం ఉన్నట్టు లెక్క వేసుకుంటాము. నిజానికి ఆ ఇంట్లో ఆఖరి పదేళ్ళు ఒక్కరే ఉంటారు. చాలా ఇళ్ళలో ఆ ఒక్కరు భార్యే. ఆమెకు వచ్చే కుటుంబ పెన్షను మొదట కొన్నేళ్ళు ఎక్కువగా ఉన్నా, ఆ తరువాత చివరి జీతంలో 30 శాతానికి దిగుతుంది. ఆ డబ్బుతో రోజూ ఆటో ఎక్కగలదా? బండి నేర్చుకోగలదా? కాళ్ళే ఆమెకు వాహనం. కనుక ఇల్లు ఎక్కడ కొనాలన్న ప్రశ్నకు జవాబు, మిగిలినవారు ఒంటరిగా నడిచి బతకగలిగిన చోట. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా వివరణ.

మేము ఆ పాత ఇంటి గుమ్మం దగ్గర నుంచి గడియారం చూసుకుని నడిచాము. పాల బూతు మూడు నిమిషాలు. కూరగాయల మార్కెట్టు ఎనిమిది. మందుల షాపు నాలుగు. బ్యాంకు, పోస్టాఫీసు పది లోపు. సబ్ ట్రెజరీ, ఆసుపత్రి, బస్టాండు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఎవరినీ బతిమాలనక్కర లేదు. నా నడక కాదు, మా ఇంటావిడ నడకను లెక్క తీసుకున్నాము. మధ్యలో ఆమె కాసేపు కూర్చోవడానికి అరుగులు ఉన్నాయా అన్నది కూడా చూశాము. పాత వీధుల్లో ఆ సదుపాయం ఉంది. కొత్త కాలనీల్లో ప్రహరీ గోడలే గానీ అరుగులు లేవు.

ఇది మన వెనకబాటుతనం అనుకునేవారు ఉంటారు. పారిస్ నగరంలో 2020 మేయరు ఎన్నికల్లో ఆవిడ చెప్పిన పెద్ద వాగ్దానం ఏమిటో తెలుసా? ప్రతి మనిషికీ కావలసినవన్నీ ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో ఉండేట్టు చేస్తానని. ఆవిడ గెలిచింది. మన తాతలు ఎన్నికలు లేకుండానే ఆ పని చేసి పోయారు.

2014లో మా అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్ళాము. టెక్సాసులో, డల్లాసు దగ్గర. ఇల్లు రాజభవనం. కానీ పొద్దున ఎనిమిదికి పిల్లలు కార్లెక్కి వెళ్ళిపోతే సాయంత్రం దాకా మేమిద్దరం కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చోవడమే. కొత్తిమీర కావాలన్నా కారు ఉండాలి. అక్కణ్ణించి న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊళ్ళో మా బంధువుల ఇంటికి వెళ్ళాము. అవి ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం అయిన తరువాత కట్టిన చిన్న చిన్న ఇళ్ళు, చెట్లు పెరిగిన వీధులు. ఓక్ ట్రీ రోడ్డు మీద మనవాళ్ళ కొట్లు, హోటళ్ళు, చీరల షాపులు వరుసగా ఉంటాయి. అక్కడ మా వయసు తెలుగువాళ్ళు చేతిసంచి పట్టుకుని నడిచిపోతూ కనిపించారు. ఇల్లు పాతది, పెరడు చిన్నది, ధర మాత్రం ఎక్కువ. ఎందుకంత పెట్టారని అడిగితే మా బంధువు, “అమ్మా నాన్నా వచ్చి ఆరు నెలలు ఉండాలంటే ఇట్లాంటి చోటే కావాలి” అన్నాడు. మన దగ్గర గుంటూరు బ్రాడీపేట కూడా అటువంటిదే. లైన్లు, అడ్డరోడ్లు నంబర్లతో ఉంటాయి, ఏ సందులో నుంచి ఏ సందుకు పోయినా డాక్టరు, పుస్తకాల షాపు, టిఫిన్ హోటలు తగులుతాయి. అక్కడ ఇల్లు ఉన్న పెన్షనరు అమ్మి బయటికి పోయాడని నేను ఎక్కడా వినలేదు.

ఇక పాత ఇల్లు చూడటం. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. 1972లో ప్రకాశం అని పేరు మార్చారు. మన పాత ఇళ్ళు ఇప్పటికీ కర్నూలు ఇళ్ళే. దూలాలు, వాటి మీద దంతెలు, ఆ మీద నాపబండలు, పైన మట్టి, చౌడు వేసిన మిద్దెలు. వేసవిలో చల్లగా ఉంటాయి. కానీ మిద్దె మీద చౌడు ఏళ్ళ తరబడి మార్చకపోతే నీళ్ళు దిగి దంతెలు పుచ్చుతాయి. కాబట్టి ఇల్లు చూడటానికి వానాకాలంలో వెళ్ళండి. ఎండాకాలంలో ప్రతి మిద్దే బాగానే కనబడుతుంది. దూలాన్ని కర్రతో కొట్టి చూడండి. గట్టి టేకు అయితే గంటలాగా పలుకుతుంది, చెదపట్టినది డొల్ల శబ్దం చేస్తుంది. మేము కొన్న ఇంట్లో ముందు భాగం మిద్దె, వెనక భాగం తరువాత వేసిన సిమెంటు స్లాబు. మిద్దె గట్టిగా ఉంది, స్లాబే ఇనుప చువ్వలు బయటపడి పెచ్చులూడుతోంది! వెనక భాగం తీసివేసి వేరే వేయించాము.

కరెంటు వైర్లు చెక్క బద్దీల మీద బిగించినవైతే మొత్తం మార్చవలసిందే, ఎర్తింగు ఉండదు. మరుగుదొడ్డి పెరటి చివర ఉంటుంది. అర్ధరాత్రి చీకట్లో మెట్లు దిగి అంతదూరం పోవడం మన వయసులో ప్రమాదం. పడకగది పక్కనే కమోడు, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, జారని బండలు వేయించాలి. ఎత్తు గడపలు పాత ఇళ్ళకు అందం గానీ మోకాళ్ళకు శత్రువులు. వీధి గడప ఉంచి లోపలి గడపలు తగ్గించాము. వీటన్నిటికీ మాకు ఇంటి ధరలో ఇంచుమించు ఐదో వంతు అయింది. ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోకుండా పాత ఇల్లు బేరం చేయకూడదు.

నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. మన పశ్చిమ ప్రాంతంలో ఇంటికంటే ముందు నీళ్ళు చూడాలి. బోరు నీళ్ళలో ఫ్లోరైడు మన పాత శత్రువు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, ఒకటిన్నర దాటితే తాగకూడదు. కాచి తాగితే పోతుందని కొందరు అనుకుంటారు. పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. అది కాక నా సొంత పరీక్ష ఒకటుంది. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన పిల్లలను పలకరించి నవ్వించండి. పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉన్నాయేమో చూడండి. ఏ ఏజెంటూ ఆ కాగితాన్ని దిద్దలేడు. ఇక వెలిగొండ నీళ్ళు వస్తాయి కనుక ఇక్కడ ధర పెరుగుతుందని చెబుతారు. 1996లో శంకుస్థాపన జరిగిన నాటి నుంచీ ఈ మాట వింటున్నాను. రావాలనే నేనూ కోరుకుంటున్నాను. కానీ కుళాయి తిప్పి చూసి కొనండి, మ్యాపు చూసి కొనకండి.

ఇప్పుడు కాగితాల దగ్గరకు వస్తాను. ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడితే మన్నించాలి. పాత ఇంటికి గోడలకంటే కాగితాల్లో పగుళ్ళు ఎక్కువ. మొదటి దస్తావేజు నుంచి లింకు డాక్యుమెంట్లన్నీ వరుసగా ఉండాలి. 1970కి ముందువాటి మీద కర్నూలు జిల్లా అని ఉంటుంది, కంగారు పడనక్కర లేదు. ఇ.సి. కంప్యూటరులో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత రిజిస్టర్లు తీయించి చూడాలి. బద్ధకించవద్దు. ఇంటిపన్ను రసీదు చూపించి ఇదే హక్కు పత్రమంటారు. అది పన్ను కట్టినందుకు రసీదు మాత్రమే. గ్రామకంఠం స్థలాలకు చాలాచోట్ల ఆ రసీదు తప్ప ఏమీ ఉండదు. అటువంటిచోట అనుభవం ఎన్నాళ్ళదో, సరిహద్దుల వాళ్ళు ఒప్పుకుంటున్నారో విచారించాలి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే ఆ మాట దస్తావేజులో రాయించాలి. మిద్దె మీది వాన నీళ్ళు ఎవరి వైపు పడాలన్న దాని మీద మన ఊళ్ళో రెండు తరాలు కోర్టుకు తిరిగిన కుటుంబాలు నాకు తెలుసు.

అన్నిటికంటే ముఖ్యం వారసుల సంతకాలు. మా ఇంటి విషయంలో ఏమి జరిగిందో చెబుతాను. కట్టిన పెద్దాయన వీలునామా రాయకుండా 1979లో పోయారు. భార్య కూడా కాలం చేసింది. అమ్మకానికి ముందుకు వచ్చింది ముగ్గురు కొడుకులు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడిగితే నాలుగో పేరు బయటపడింది. ఒక ఆడపిల్ల, కంభంలో ఉంటోంది, భర్త పోయాడు. “ఆమెకు పెళ్ళప్పుడే కట్నం ఇచ్చి పంపేశాము సార్, ఆమె సంతకం దేనికి?” అన్నారు అన్నలు.

మనలో చాలామంది నమ్మకం కూడా ఇదే. కానీ చట్టం అట్లా లేదు. తండ్రి స్వార్జితానికి, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం నాటి నుంచే కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. పిత్రార్జితంలో కూడా మన రాష్ట్రం 1985 సెప్టెంబరు నుంచి అమలయ్యేట్టు పెళ్ళికాని ఆడపిల్లలకు హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం పెళ్ళి అయినా కాకపోయినా కూతుళ్ళందరికీ ఇచ్చింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని తేల్చింది. కట్నం ఇచ్చామన్న మాట రిజిస్ట్రారు ఆఫీసులో చెల్లదు.

మా ఇంటి లెక్కలో ఆమెది నాలుగో వంతు. అన్నలు ఆమెచేత హక్కు వదులుకున్నట్టు రాయించి తెస్తామన్నారు. ఆమె కూడా, “అన్నలు అడిగితే పెడతాను బాబూ” అంది. నేను ఒప్పుకోలేదు. ఆమె వాటా డబ్బు ఆమె పేర డి.డి. తీస్తాను, ఆమె అమ్మకందారుగా సంతకం చేయాలి, లేకపోతే నేను కొనను అన్నాను. నాది ఉదారత్వం అనుకోకండి, రేపు ఆమె పిల్లలు దావా వేస్తే కోర్టు మెట్లెక్కవలసింది నేను. రెండు నెలలు బేరం ఆగిపోయింది. పెద్దన్న వేరే గిరాకీని చూసుకుంటానన్నాడు. మా ఇంటావిడ మాత్రం, “ఆమెకు ఇవ్వకుండా కొన్న ఇంట్లో నాకు నిద్ర పట్టదు” అంది. చివరికి ఆఖరి తమ్ముడే అన్నలను ఒప్పించాడు.

రిజిస్ట్రేషను రోజు ఆమె కంభం నుంచి పొద్దున బస్సుకే వచ్చింది. దస్తావేజులో తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగింది. చూపించాను. వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. తరువాత ఒక్కసారి ఇంట్లోకి వెళ్ళి వస్తానంది. అటక మీద వాళ్ళ నాయన కాలంనాటి చెక్క చట్రం పలకల కట్ట ఒకటి ఉంటే, అందులోంచి ఒక పలక తీసుకుని, “ఇది నేను తీసుకుపోవచ్చా?” అని నన్ను అడిగింది. నన్ను అడగడమేమిటమ్మా అన్నాను.

రిజిస్ట్రేషను ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషను ఫీజు కలిపి మన రాష్ట్రంలో విలువ మీద ఏడున్నర శాతం. ఇంటిని భార్యాభర్తలిద్దరి పేర రాయించండి. ఆమె ఒక్కతే మిగిలిన రోజున ఆఫీసుల చుట్టూ తిరిగే పని కొంత తగ్గుతుంది.

ప్లాటే కొంటానని పట్టుబట్టేవారికి మూడు మాటలు. లేఅవుట్ అనుమతి కాగితం చూడండి. 500 చదరపు మీటర్లు దాటి అభివృద్ధి చేసే వెంచరును రెరాలో నమోదు చేయించి ఉండాలి. నిషేధిత భూముల జాబితా, మనం 22ఎ అని పిలిచేది, సర్వే నంబరుతో సరిచూడండి. డి.పట్టా భూములు తెల్లచొక్కాలు వేసుకుని తిరుగుతున్న కాలమిది.

పాత వీధిలో అంతా సుఖమే అని చెప్పను. కారు మా గుమ్మం దాకా రాదు. మా అబ్బాయి వచ్చినప్పుడల్లా దూరంగా పెట్టి నడిచి వస్తూ సణుగుతాడు. అంబులెన్సు సందు మొదట్లో ఆగుతుంది, స్ట్రెచరు మోసుకుపోవాలి. ఈ ఒక్క విషయం నాకు భయమే. మీరు చూసే ఇంటికి ఆ దూరం ఎంతో అడుగులు లెక్కబెట్టుకోండి. మురుగు కాలవ వాసన ఉంది. మైకులున్నాయి. కోతులు వంటింట్లోకి వచ్చి పప్పు డబ్బా మూత తీసి పెట్టిపోతాయి. ఇల్లు పడగొట్టి కొత్తది కడదామంటే రోడ్డుకు, పక్కలకు వదలగా మిగిలేది చిన్న గది. కాబట్టి పాత ఇంటిని పాత ఇల్లుగా ఉండటానికే కొనాలి.

2019లో నాకు కంటి ఆపరేషను అయ్యాక డాక్టరు గారు బండి నడపవద్దన్నారు. మరుసటి ఏడు కరోనా వచ్చి బస్సులూ ఆటోలూ ఆగిపోయాయి. పొద్దున పూట కాసేపు మాత్రం అంగళ్ళు తీసేవారు. మా వీధి చివరి కొట్టు కుర్రవాడు, “పెద్దయ్యా, మీరు రావద్దు” అని పాలూ మందులూ అరుగు మీద పెట్టి పోయేవాడు. ఆ ప్లాటు వైపు ఇల్లు కట్టుకున్న మా మిత్రుడు ఒకాయన ఆ రెండు నెలలు పిల్లల ఫోను కోసం, పిల్లలు పంపే మనిషి కోసం ఎదురుచూస్తూ గడిపారు. ఆయన ఇల్లు మా ఇంటికంటే చాలా బాగుంటుంది. గాలి, వెలుతురు, అన్నీ. ఇప్పుడు ఆయన లేరు. ఆవిడ ఇల్లు తాళం పెట్టి బెంగుళూరులో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇక్కడికే రావాలని ఉంది గానీ ఆ ఇంట్లో ఒక్కదాన్ని ఉండలేనని పోయిన నెల మా ఆవిడతో ఫోనులో అన్నారు. మా వీధిలో రెండు గదుల వాటా ఖాళీ అవుతుందేమో కనుక్కుంటున్నాము.

మీలో ఎవరైనా ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే అడ్వాన్సు ఇవ్వకముందే రండి. ప్రతి మంగళవారం పది గంటల నుంచి ఒంటిగంట దాకా సంఘం గదిలో ఉంటాను. కాగితాలు చదివి నాకు తోచింది చెబుతాను, ఫీజు లేదు. జిరాక్సులు తెండి, ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి. వీలైతే ఆడవారిని కూడా వెంట తీసుకురండి.